సమస్యాపూరణం: వ్రాయరాని పడతి వ్రాత నిలిపె

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది. పైన ఉన్నది నాలుగో పాదం. ఇతివృత్తం వేల్స్ కీర్తనకర్త్రి ఆన్ గ్రిఫిత్స్ (1776–1805). డోల్వర్ వాఖ్ అనే పల్లెటూరి పొలంలోని రైతు ఇంట పుట్టింది. తాను కట్టిన కీర్తనలను పనిమనిషి రూత్‌కు వినిపించేది. రూత్‌కు రాయడం రాదు, కానీ అన్నీ కంఠస్థం. ఆన్ పోయాక రూత్ చెబుతుంటే ఆమె భర్త జాన్ హ్యూస్ రాసుకున్నాడు. 1806లో బాల పట్టణంలో అవి అచ్చయ్యాయి. రాయలేని ఆమె రాతను నిలపడమనే విరోధం చూపించాను, మిగతా మూడు పాదాలతో పరిహారం మీ వంతు.

మొదటి పూరణ

ఆను పాటలెల్ల నవనిలోఁ గలియక
రూతు గుండెలోన రూపు గట్టె
పలుకఁ బలుక జాను పదిలపఱచె నిట్లు
వ్రాయరాని పడతి వ్రాత నిలిపె

నిర్వాహకుడు: బాగుంది. ముగ్గురూ వచ్చారు, ఎవరి పని వారు చేశారు. ‘పలుకఁ బలుక’లో రూత్ చెప్పడమూ జాన్ రాయడమూ ఒకేసారి కనిపిస్తాయి.

రెండో పూరణ

బాల కేఁగె నామె బెర్విను గిరిదాటి
పాట గట్టి మరలి పంచె నింట
ఒకటె పదము వ్రాసె నుత్తరంబునఁ దాను
వ్రాయరాని పడతి వ్రాత నిలిపె

నిర్వాహకుడు: విషయ పరిజ్ఞానం మెచ్చదగినది. మతబోధకుడు థామస్ చార్లెస్ దగ్గర ప్రభురాత్రి భోజనం అనే క్రైస్తవ ఆరాధనకు ఆన్ బెర్విన్ కొండలు దాటి బాలకు వెళ్లేది. ఆమె చేతిరాతలో మిగిలిన చరణం ఒక్కటే, అదీ స్నేహితురాలికి రాసిన లేఖలో. కానీ మొదటి పాదంలో యతిభంగం, అంటే పాదం తొలి అక్షరానికీ మధ్యలోని యతిస్థానపు అక్షరానికీ పొంతన లేదు: బా, బె లకు హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు. ‘పర్వతంబులఁ దాటి’ అంటే సరిపోతుంది, పాపం బెర్విన్ పేరు ఎగిరిపోతుంది. అసలు లోపం వేరే. రూత్ ఎక్కడ? రాసింది ఆన్ అని మూడో పాదంలో చెప్పి, వెంటనే ‘వ్రాయరాని పడతి’ అంటే పాఠకుడు ఇద్దరినీ ఒకరే అనుకుంటాడు.

మూడో పూరణ

బిడ్డ పుట్టి పోయె పిదపఁ దల్లియుఁ బోయె
వల్లకాడు మ్రింగెఁ బాట యనఁగ
మరణమైన పిదప మౌఖికమ్ముగఁ జెప్పి
వ్రాయరాని పడతి వ్రాత నిలిపె

నిర్వాహకుడు: మొదటి పాదం గుండెను పిండింది. పసికందు పోయిన కొద్ది రోజులకే ఆన్ కన్నుమూసింది. అయితే ‘పిదప’ రెండుసార్లు ఎందుకు? ఒక్క పేరైనా లేకపోవడంతో ఇది ఎవరి కథైనా కావచ్చు.

రెండో పూరణ కవి: మూడో పాదం మార్చాను: ‘రూతు నోట మిగిలె రూఢిగా నన్నియు’.

నిర్వాహకుడు: ఉత్తరం పోయినా రూత్ వచ్చింది, సమస్య తీరింది. ‘అన్నియు’ మాత్రం అతిశయోక్తి. ఆ ఒక్క చరణం లేఖలో ఉందని చెప్పింది మీరే కదా!