అక్షరాలు తారుమారు చేసే ఆట: చిన్నపిల్లలతో ఎలా ఆడిస్తున్నారు?

గోరింటపొద:
మా పాపకి ఐదేళ్లు. ఇంగ్లిష్‌లో ఈట్, టీ, ఏట్ మూడింటికీ అవే అక్షరాలని బడిలో చూపించారట. ఇంటికొచ్చి "తెలుగులో చెయ్యమ్మా" అని ఒకటే గోల. పాత శుభలేఖ కత్తిరించి 'పాట' రాశాను. ప ఒక ముక్క, దీర్ఘం ఒక ముక్క, ట ఒక ముక్క. అది దీర్ఘం తీసి ట పక్కన పెట్టి "పటా అంటే ఏంటి?" అంది. నేను నోరెళ్లబెట్టాను. ఎవరైనా ఆడించారా?

ఊరగాయజాడీ:
దీర్ఘాన్ని విడదీయకూడదండీ. 'పా' మొత్తం ఒక ముక్క, 'ట' ఒకటి. తిప్పితే 'టపా'. గళ్ళనుడికట్టులో గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిపి ఒక్క గడిలోనే రాస్తాం కదా, ఇదీ అంతే.

కొబ్బరాకు:
అసలు ముక్కలెందుకమ్మా? ఈట్, టీ ఒకటే అక్షరాలని కంటితో చూస్తేగానీ తెలియదు. మనవి చెవికే తెలిసిపోతాయి. మా మనవడికి అఆలు ఇంకా పూర్తిగా రావు. స్నానం చేయిస్తూ అక్షరానికో చెంబు పోస్తాను. ప, ల, క. "ఇప్పుడు చివరి చెంబు నుంచి వెనక్కి రా" అంటే కాసేపు గొణుక్కుని "కలప!" అని అరిచాడు. కలప అంటే ఏంటో తెలియదు, అది వేరే సంగతి. తువ్వాలు చుట్టి తీసుకెళ్లి తలుపు చూపించాను. తర్వాత గడప, పడగ. ఆ తర్వాత కడప, పడక. మా కోడలి పుట్టిల్లు కడప. ఇప్పుడు వీడు అందరికీ "సెలవులకి పడక వెళ్తున్నాం" అని చెబుతున్నాడు.

రెండుజడలు:
ముందు రెండక్షరాలవే చాలు. జామ, మజా. తల, లత. నేను తొందరపడి 'మరక'లోంచి 'మకర' తియ్యమని మా బాబుని ఏడిపించాను. సంక్రాంతి అంటే వాడికి గాలిపటమే, మకరం ఎక్కడ తెలుస్తుంది! వాల్మీకి కథ మాత్రం బాగా పనిచేసింది. "మరా మరా" అని గబగబా అంటూ ఇల్లంతా తిరిగి, "రామ వచ్చేసింది!" అని వాడే కనిపెట్టాడు.

గోరింటపొద:
ముక్కలు పారేసి, నిన్న ఆటోలో చప్పట్లతో ఆడాం. 'వికటకవి' చెప్పాను. వెనక్కి తిప్పినా అదే వస్తే మోసమట. 'టమాట' కూడా మోసమే. చివరికి 'అమ్మ'ని తిప్పి "మ్మఅ" అంది, నవ్వి నవ్వి ఎక్కిళ్లొచ్చాయి దానికి. పొద్దున్నించీ నన్ను అలాగే పిలుస్తోంది.