పేగన్ ప్రైడ్ డేలో వాలంటీరుగా వెళ్తున్నా, తెలిసినవాళ్ళు చెప్పండి

నమస్తే అండి. మేం ఒహాయోలో ఉంటాం. నా కొలీగ్ విక్కా అనే మతం పాటిస్తుంది, అది ప్రకృతిని పూజించే పేగన్ మతాల్లో ఒకటి. సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే వేళ వాళ్ళకి మేబన్ అనే కోతల పండగ. ఆ రోజుల్లోనే చాలా ఊళ్ళలో ఇలాంటి మతాలవాళ్ళు బహిరంగంగా కలిసి జరుపుకునే పేగన్ ప్రైడ్ డే జరుగుతుంది, అందులో పేదల కోసం ఫుడ్ డ్రైవ్ తప్పకుండా ఉంటుంది. ఆ టేబుల్ దగ్గర సాయం చేయమని నన్ను పిలిచింది.

కందిపప్పు, బియ్యం ప్యాకెట్లు ఫుడ్ బ్యాంకు తీసుకుంటుందా, లేక టిన్నుల్లో ఉన్నవే ఇవ్వాలా? అందరూ గుండ్రంగా నిలబడి పూజ చేసేటప్పుడు నేను పక్కన ఉండిపోతే ఏమైనా అనుకుంటారా? ఫోటోలు తీయొచ్చా? తమ మతం సంగతి ఆఫీసులో చెప్పుకోనివాళ్ళు ఉంటారు కదా, అందుకే అడుగుతున్నా.

మా అత్తగారు మాత్రం "క్షుద్రపూజలేమోనే" అని టెన్షన్ పడుతున్నారు. ఆవిడకి ఏం చెప్పి ఒప్పించాలో కూడా కాస్త చెప్పండి.