పీకుల మధ్య గీతా, సగటు గీతా? కోల్డ్ రూమ్ చార్టు మీద తగువు

అంబత్తూరు చల్లగది
చెన్నైలో, అంబత్తూరు వైపు మందులు నిల్వ చేసే చోట పనిచేస్తున్నాను. మా కోల్డ్ రూమ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. లాగర్ (ఉష్ణోగ్రత రాసుకునే పరికరం) 5 నిమిషాలకోసారి రీడింగ్ తీసుకుంటుంది. నెలాఖరున ఎక్సెల్‌లోకి దించి, చార్టు గీసి కస్టమర్‌కి పంపుతాం. కంప్రెసర్ ఆగితే వేడి మెల్లగా ఎక్కుతుంది, ఆన్ అయితే గబగబా దిగుతుంది. చార్టంతా రంపపు పళ్లే.

మా మేనేజర్ గారు ఆ పళ్ల మధ్యలో ఒక గీత కావాలంటున్నారు. ఆయన పద్ధతి ఇదీ: ముందు, వెనక రీడింగుల కంటే ఎక్కువ ఉంటే పీక్, తక్కువ ఉంటే అడుగు. పక్కపక్కన వచ్చే పీక్‌నీ అడుగునీ కలిపి రెండుతో భాగించి, ఆ చుక్కల్ని కలిపేయాలి. నాకేమో అన్ని రీడింగులకూ మూవింగ్ యావరేజ్ (వరసగా కొన్నేసి రీడింగుల సగటు, ఒక్కో రీడింగ్ జరుపుకుంటూ) వేస్తే పని అయిపోతుంది కదా అనిపిస్తోంది. ఆడిట్ దగ్గరపడుతోంది, కాస్త టెన్షన్‌గా ఉంది. ఒక సైకిల్ ఇస్తున్నా: 3, 3.4, 3.8, 11, 5, 5.4, 5.8, 4.4, మళ్లీ 3. ఆ 11 సరుకు దించడానికి తలుపు తీసినప్పటిది.

ఫార్ములా పంతులు
మీరిచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది. ముందు ఆ 11 తీసేసి, తలుపు తెరవకపోతే ఉండాల్సిన 4.2 పెట్టండి. ఎనిమిది రీడింగుల సగటు 4.375. మేనేజర్ గారి లెక్కలో 5.8కీ 3కీ మధ్య 4.4. రెండూ ఒకటే అనుకోవచ్చు. గీతలు వంపు లేకుండా తిన్నగా ఎక్కి దిగుతున్నంతసేపూ, ఎక్కడం నిదానం, దిగడం వేగం అయినా సరే, మధ్య బిందువూ సగటూ కలిసే ఉంటాయి.

ఇప్పుడు 11 వెనక్కి పెట్టండి. సగటు 5.2కి చేరుతుంది. మేనేజర్ గారి సూత్రం మాత్రం 11ని ఒక పీక్ అంటుంది, దాని తర్వాతి 5ని అడుగు అంటుంది, 5.8ని ఇంకో పీక్ అంటుంది. మధ్య చుక్కలు వరసగా 7, 8, 5.4, 4.4. గది ఒక్క రీడింగ్ పాటు వేడెక్కినందుకు ‘మధ్య గీత’ వెళ్లి 8 దగ్గర కూర్చుంది! ఆడిటర్ మొదటి ప్రశ్న అక్కడే వేస్తాడు. తలుపు తీయని సైకిల్‌లో కూడా, ఎనిమిది రీడింగుల్లో ఆరింటిని చెత్తబుట్టలో వేసి మిగిలిన రెండింటితో గీసే గీతను నేనైతే సగటు అనను.

కొలత ముఖ్యం
పంతులు గారూ, మీరు తలుపు తీసిన సైకిల్‌ని పట్టుకుని మొత్తం పద్ధతిని కొట్టేస్తున్నారు. నేను రిఫ్రిజిరేషన్ మెయింటెనెన్స్ మనిషిని. నాకు కావలసింది గది సగటున ఎంత చల్లగా ఉందన్నది కాదు, కంప్రెసర్ ఏ రెండు గీతల మధ్య ఆడుతోంది, ఆ జత పైకి జరుగుతోందా అన్నది. థర్మోస్టాట్ సెట్టింగ్ జారితే పీకులూ అడుగులూ కలిసి జరుగుతాయి. అది మధ్య గీతలో వెంటనే కనిపిస్తుంది.

మీ మూవింగ్ యావరేజ్‌కీ ఒక రోగం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఎనిమిది రీడింగుల విండో (ఒక్కో సగటుకి తీసుకునే ముక్క) అంటే 40 నిమిషాలు. సైకిల్ కచ్చితంగా 40 నిమిషాలైతేనే ఆ గీత నున్నగా వస్తుంది. చెన్నై మే నెల మధ్యాహ్నం సైకిల్ 55 నిమిషాలకు సాగిందనుకోండి, అదే విండో సగం పీకుల్ని మోసుకొస్తుంది, గీత అలలు అలలుగా ఊగుతుంది. పీకుల పద్ధతికి సైకిల్ నిడివితో పనే లేదు. తలుపు స్పైక్ సంగతి అంటారా, పీక్ నుంచి కనీసం 1.5 డిగ్రీలు దిగితేనే అడుగు అని, అడుగు నుంచి అంతే ఎక్కితేనే పీక్ అని షరతు పెట్టండి. 5 నుంచి 5.8కి ఎక్కిన దొంగ పీక్ పోతుంది.

ఫార్ములా పంతులు
పోతుంది, ఒప్పుకుంటాను. 8 పోయి 7 మిగులుతుంది. 11 అలాగే ఉంది కదండీ.

మెరీనా గాలి
ఈ తగువు సముద్రం లెక్కల్లో ఎప్పుడో వచ్చింది, అందుకే వాళ్లు రెండు వేర్వేరు పేర్లు పెట్టుకున్నారు. గంట గంటకీ తీసిన నీటి మట్టాలన్నింటి సగటు మీన్ సీ లెవెల్. పోటు మట్టాల సగటుకీ ఆటు మట్టాల సగటుకీ సరిగ్గా మధ్యన ఉండేది మీన్ టైడ్ లెవెల్. అల ఆకారం పైనా కిందా ఒకేలా ఉండదు కాబట్టి ఈ రెండూ దగ్గరగా ఉంటాయి గానీ ఒకటి కావు. మన చెన్నై తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఆ రెండు పోట్లు కూడా సమానం కావు. ఏ పీక్‌ని పట్టుకున్నారన్న దాన్ని బట్టి మధ్య బిందువు మారిపోతుంది.

ఇంకోటి. సముద్ర మట్టం సగటుకి 19 ఏళ్ల రికార్డు తీసుకోవడం ఆనవాయితీ, ఎందుకంటే చంద్రుడి కక్ష్య పాతాల (అది భూమి కక్ష్య తలాన్ని దాటే బిందువుల) చక్రం 18.6 ఏళ్లది. పూర్తి చక్రం విండోలో పట్టాలన్నది అక్కడా నియమమే. కాబట్టి విండో విషయంలో ‘కొలత ముఖ్యం’ గారి మాటే రైటు.

కొలత ముఖ్యం
వాతావరణ శాఖ వాళ్లు కూడా రోజు సగటు ఉష్ణోగ్రతని గరిష్ఠం, కనిష్ఠం కలిపి రెండుతో భాగించే కదా చెప్తారు? వాళ్లకి లేని పట్టింపు మనకెందుకు?

ఫార్ములా పంతులు
గరిష్ఠ, కనిష్ఠ థర్మామీటర్ రోజంతటికీ రెండే అంకెలు ఇస్తుంది. 18వ శతాబ్దంలో జేమ్స్ సిక్స్ చేసిన పరికరం నాటి నుంచీ అంతే. ఉన్న రెండింటితోనే లెక్క కట్టాలి, పాత రికార్డుతో పోలిక చెడకూడదు, అందుకని ఆ పద్ధతి నిలిచింది. ఈయన దగ్గర 5 నిమిషాలకో రీడింగ్ ఉంది. రోజుకి 288. అన్నీ చేతిలో పెట్టుకుని రెండింటితో కాలక్షేపం దేనికి?

క్యూఏ అక్క
ఫార్మా క్వాలిటీలో ఉన్నాను, నాకు మీ రెండు గీతలూ నచ్చలేదు. మందు పాడవడం ఉష్ణోగ్రతతో సమాన లెక్కన పెరగదు, వేడి వైపు ఎక్కువ పెరుగుతుంది. దానికోసమే మీన్ కైనెటిక్ టెంపరేచర్ ఉంది, అంటే వేడి రీడింగులకి ఎక్కువ బరువిచ్చే సగటు. యాక్టివేషన్ ఎనర్జీ (మందు పాడయ్యే చర్య జరగడానికి కావలసిన శక్తి) మామూలుగా మోల్‌కి 83.144 కిలోజౌల్స్ అనుకుని కడతారు. అది సాధారణ సగటుకి సమానంగానో ఎక్కువగానో వస్తుంది తప్ప తక్కువ రాదు. ఈ తమ్ముడి ఎనిమిది రీడింగులకీ వేసి చూశాను: సాధారణ సగటు 5.2, కైనెటిక్ 5.6. మేనేజర్ గారి 7 ఈ రెండింటి దరిదాపుల్లో లేదు.

అలాగని 5.6 చూపించి 11ని మాఫీ చేయించుకోవచ్చని అనుకోకండి. 8 దాటిందా, దాటితే ఎంతసేపు, ఎందుకు, ఇవి విడిగా రాయాల్సిందే. ఏ మధ్య గీతా దానికి బదులు కాదు.

గుంటూరు టు గిండీ
మేధావి పద్ధతి ఒకటి పడేస్తా. 1998లో నోర్డెన్ హువాంగ్ బృందం ప్రచురించిన ఎంపిరికల్ మోడ్ డీకంపోజిషన్‌లో (డేటాని వేర్వేరు ఊపులుగా విడగొట్టే పద్ధతి) మొదటి మెట్టు అచ్చంగా మేనేజర్ గారి ఆలోచనే. పీకులన్నిటి మీదుగా ఒక క్యూబిక్ స్ప్లైన్ (నున్నటి వంపు గీత), అడుగులన్నిటి మీదుగా ఇంకోటి, రెండింటి నడిమి గీత. అయితే వాళ్లు ఆ గీతని డేటాలోంచి తీసేసి మళ్లీ మళ్లీ జల్లెడ పడతారు. డేటా మొదట్లో, చివర్లో స్ప్లైన్ ఎటో ఎగిరిపోతుంది, అదో గోల. ఎక్సెల్‌లో మాత్రం ప్రయత్నించకండి, ఆదివారం పోతుంది.

కొలత ముఖ్యం
చూశారా, శాస్త్రవేత్తలూ నా వైపే.

స్పైక్‌కి ఇంకో మందు: ముందు మూడేసి రీడింగుల మీడియన్ (వరసలో పెడితే నడిమి అంకె) తీసుకోండి. 11 పోతుంది, పీక్ 5.4, అడుగు 3.4, మధ్య 4.4. తలుపు తీయని రోజు వచ్చిన అంకే.

క్యూఏ అక్క
11 పోయింది, దాంతోపాటు నిజమైన 5.8 కూడా 5.4 అయింది, 3 కాస్తా 3.4 అయింది. గీత గీయడానికి వాడుకోండి, అభ్యంతరం లేదు. అసలు రీడింగుల్ని మాత్రం చార్టులోంచి తీసేశారంటే ఆడిట్‌లో నేనే మొదట రాసేస్తాను.

అంబత్తూరు చల్లగది
రెండూ వేసి చూస్తున్నాను. పీకుల గీత ప్రతి చుక్క తర్వాతా సున్నాకి పడిపోయి మళ్లీ లేస్తోంది. మూవింగ్ యావరేజ్ గీతేమో రంపం కంటే కుడివైపుకి జరిగినట్టుంది.

ఫార్ములా పంతులు
మొదటిది: పీక్ కాని చోట సూత్రం ఖాళీ కొటేషన్ గుర్తులు ఇస్తోంది. లైన్ చార్టు దాన్ని సున్నాగా గీస్తుంది. బదులుగా ఎన్‌ఏ ఫంక్షన్ (ఇక్కడ విలువ లేదని ఎక్సెల్‌కి చెప్పేది) పెట్టండి, చుక్కలు వాటంతటవే కలుస్తాయి. మధ్య చుక్కకి సమయం కూడా పీక్‌కీ అడుగుకీ నడిమిదే ఉండాలి కాబట్టి లైన్ చార్టు మానేసి స్కాటర్ వాడండి.

రెండోది: చార్టు మీద కుడి క్లిక్‌తో పెట్టే మూవింగ్ యావరేజ్ ట్రెండ్‌లైన్ గడిచిన రీడింగుల సగటుని విండో చివర పెడుతుంది. ఎనిమిది రీడింగులంటే 17.5 నిమిషాల ఆలస్యం. విడిగా ఒక కాలమ్ పెట్టి, తొమ్మిది రీడింగులు తీసుకుని, రెండు చివరలవీ సగం సగం లెక్కేసి, మొత్తాన్ని 8తో భాగించి, నడిమి వరసలో రాయండి. జరగడం పోతుంది.

అంబత్తూరు చల్లగది
రెండూ సరిపోయాయి, థాంక్స్ అండి. కస్టమర్ చార్టులో అసలు రీడింగులు, వాటి మీద సగటు గీత, కింద 8 దాటిన సమయాల పట్టిక. మేనేజర్ గారి గీత వేరే షీట్‌లో మెయింటెనెన్స్ వాళ్లకి. ఆయనకి ఇంకా చెప్పలేదు.

కొలత ముఖ్యం
చెప్పేటప్పుడు మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు ముక్కని రెండు గీతలతోనూ ప్రింట్ తీసి ముందు పెట్టండి. సైకిల్ సాగినప్పుడు సగటు గీత ఎలా ఊగుతుందో ఆయనే చూస్తారు. ఆ రెండు గంటలకి విండో మార్చకుండా కస్టమర్‌కి పంపితే మాత్రం నేను ఒప్పుకోను.

ఫార్ములా పంతులు
మార్చమనే నేనూ చెప్పేది. మధ్యాహ్నం సైకిల్ నిజంగా 55 నిమిషాలేనా, కొలిచి చెప్పండి, పదకొండు రీడింగులకి సూత్రం రాసిస్తాను.