అచ్చయిన పుస్తకం అమ్ముకుంటూ కొత్తది రాయడం ఎలా? (నాన్ ఫిక్షన్ వాళ్లకి)

లాసన్స్‌బే:
విశాఖ పోర్టు చరిత్ర మీద సొంత ఖర్చుతో 500 కాపీలు వేయించాను. వెల 250. కాపీకి 90 పడింది. దాదాపు మూడొందలు ఇంకా మంచం కిందే ఉన్నాయి. ఈలోగా బావికొండ, తొట్లకొండ, శంకరం బౌద్ధ క్షేత్రాల మీద రెండో పుస్తకం మొదలైంది. ఉద్యోగం పోను రోజుకి రెండు గంటలు దొరుకుతాయి. ఆ రెండూ వాట్సాప్‌లో "కాపీ ఎలా తెప్పించుకోవాలి", "మా సభకి రాగలరా" దగ్గరే అయిపోతున్నాయి. ప్రచారం మానేస్తే అప్పు తీరదు. "టైమ్ మేనేజ్‌మెంట్ చేసుకోండి" అని మాత్రం చెప్పకండి, పని ఎలా నడపాలో చెప్పండి.

ప్రూఫులబల్ల:
ముందు ప్రచారం ఎక్కడ ఆపాలో లెక్క తేల్చండి. 500 కాపీలకి 45,000 అయింది కదా. నేరుగా అమ్మితే పోస్టేజి, ప్యాకింగు కలిపి 35 పోతుందనుకుంటే కాపీకి 215 చేతికొస్తుంది, అంటే 210 కాపీలతో అప్పు తీరుతుంది. 40 శాతం కమిషన్ మీద షాపుకి వేస్తే వచ్చేది 150, అప్పుడు 300 కాపీలు పోవాలి. ఆ డబ్బూ అమ్మకం అయ్యాక, మీరు గుర్తు చేశాకే వస్తుంది. ఇప్పటిదాకా వచ్చింది తీసేస్తే ఇంకా ఎన్ని అమ్మాలో తెలుస్తుంది. ఆ అంకె దాటాక మీరుగా తిరిగే ప్రచారం ఆపేయండి. అడిగినవాళ్లకి పంపితే చాలు. ఈ అంకె వేసుకోనివాళ్లే మూడేళ్లయినా మొదటి పుస్తకం గురించే మాట్లాడుతుంటారు.

ఇక ఆ రెండు గంటల సంగతి. రోజుకో గంట దీనికి, ఓ గంట దానికి అని పంచుకుంటే రెండూ చెడతాయి. నాన్ ఫిక్షన్ రాసేటప్పుడు నోట్సు తిరగేసి, ఎక్కడ ఆపామో పట్టుకోవడానికే అరగంట పోతుంది కదండీ. కాబట్టి రోజులు పంచుకోండి. వారంలో ఐదు రోజులు రాతకి, ఒక రోజు ప్రచారానికి, మిగిలింది ఇంటికి. రాసే రోజుల్లో ఫోను పక్క గదిలో పెట్టాలి. లేవబోయే ముందు రేపు రాయాల్సిన పేరా గురించి రెండు మూడు వాక్యాలు పెన్సిల్‌తో రాసి ఉంచండి: ఏ రిపోర్టు, ఏ పేజీ, ఏ సందేహం. మర్నాడు చివరి రెండు పేజీలే చదివి మొదలెట్టాలి. అధ్యాయం మొదటినుంచీ చదివారా, దిద్దుకుంటూ కూర్చుంటారు, కొత్త వాక్యం పడదు.

సభలు ఎక్కువున్న నెలల్లో అధ్యాయాలు రాయాలని పట్టుబట్టకండి. ఇంటర్వ్యూల రికార్డింగులు కాగితం మీద పెట్టడం, తవ్వకాల రిపోర్టుల నుంచి కొలతలు, తేదీలు కార్డుల మీదికి ఎక్కించడం, యూనివర్సిటీ లైబ్రరీలో చూడాల్సినవాటి జాబితా వంటివి ముక్కలు ముక్కలుగా చేసినా పాడవవు.

రెండో ముద్రణ:
పైవారి లెక్కతో పేచీ లేదు గానీ "ప్రచారానికి ఒక రోజు" అన్నదానికి చిన్న సవరణ. సభకి వెళ్లడం ఆ ఒక్క రోజులో ఇమడదు. శ్రీకాకుళంలో గంట ప్రసంగానికి పిలిస్తే రానూపోనూ ప్రయాణంతో రోజంతా పోతుంది. అందుకని కొత్త పుస్తకానికి పనికొచ్చే ఊరైతేనే ఒప్పుకోండి. శ్రీకాకుళం సభ అయ్యాక ఆ రాత్రి ఉండిపోతే, పొద్దున్నే వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం బౌద్ధ క్షేత్రం చూసుకుని రావచ్చు. అనకాపల్లి పిలుపొస్తే శంకరం, బొజ్జన్నకొండ పక్కనే. పిలిచినవాళ్లకి ముందే చెప్పండి: దారిఖర్చులు, బల్ల మీద పుస్తకాలు పెట్టుకునే చోటు, ఆ క్షేత్రం తెలిసిన స్థానికుడు ఒకరు. మూడోది అడగడానికి మొహమాటపడతారు, కానీ శాలువా కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఆవిష్కరణ అయినా, పరిచయ సభ అయినా, ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో పెట్టినా ఇంకెక్కడ పెట్టినా అమ్మకం చెడేది ఒక్కచోటే. పుస్తకాల బల్ల హాలు లోపల మూలన ఉంటుంది. వక్తలు రెండు గంటలు లాగుతారు, జనం తలుపు దాటి వెళ్లిపోతారు. బల్ల గుమ్మం దగ్గరుండాలి, సభ మొదలవకముందే ఒక మనిషి అక్కడ కూర్చోవాలి. క్యూఆర్ కోడ్ రెండు చోట్ల అతికించండి. వెల 250 కాబట్టి సభలో 200కి ఇచ్చేస్తే చిల్లర బాధ ఉండదు. ఉచిత కాపీలు వేదిక మీదున్నవారికే. ముందు వరసకి పంచడం మొదలైతే ఇక కొనేవాడెవడు?

పత్రికలకి మామూలుగా రెండేసి కాపీలు వెళ్తాయి. లోపల ఒక పేజీ నోటు పెట్టండి: పేజీలు, వెల, దొరికే చోటు, పుస్తకంలో కొత్తగా బయటపెట్టింది ఏమిటి. మూడు వారాలాగి ఒకసారి ఫోను చేయండి. రెండోసారి వద్దు.

పార్సిల్:
ఆర్డర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ జవాబు టైపు చేయకండి. ఒక గూగుల్ ఫారమ్: పేరు, చిరునామా, పిన్‌కోడ్, ఫోను, కాపీలు, యూపీఐ చెల్లింపు నంబరు. లింకు, ధర, "పార్సిళ్లు మంగళవారం వెళ్తాయి" అన్న మాట బిజినెస్ వాట్సాప్‌లో ఆటోమేటిక్ జవాబుగా పెట్టేయండి. పోస్టాఫీసుకి వారానికి ఒకసారే వెళ్లాలి.

తపాలా శాఖ 2025 మేలో పుస్తకాలకి జ్ఞాన్ పోస్ట్ మొదలెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గంలోనే వెళ్తుంది కాబట్టి ఆలస్యమవుతుంది, ట్రాకింగ్ ఉంటుంది. డెమ్మీ సైజు (మామూలు నవల సైజు) 200 పేజీల పుస్తకం 230 గ్రాముల చుట్టూ తూగుతుంది. మూలలు నలగకుండా అట్టముక్క, పైన కవరు వేసేసరికి 300 దాటిపోవచ్చు. ప్యాక్ చేశాక తూచి, ఆ తర్వాతే పోస్టేజి ప్రకటించండి.

లాసన్స్‌బే:
చాలా పనికొచ్చాయి, అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం. ఫేస్‌బుక్‌లో కొత్త పుస్తకం విషయాలు రాస్తుంటే మంచి స్పందన వస్తోంది. పాత పుస్తకం పోస్టులు ఎవరూ చూడటం లేదు. కొత్తదానితోనే పాతదాన్ని లాగొచ్చా?

ప్రూఫులబల్ల:
వద్దండీ. అధ్యాయంలో రావాల్సిన విషయం పోస్టులో చెప్పేస్తే లైకులతోనే తృప్తి తీరిపోతుంది, తర్వాత దాన్ని రాయబుద్ధి కాదు. అంతకంటే పెద్ద చిక్కు, ఇంకా సరిచూడని తేదీ మీ పేరుతో నాలుగు గ్రూపులకి పోతుంది, రేపు మీరే దిద్దినా పాతదే తిరుగుతుంటుంది.

పాత పుస్తకం నుంచి మిగిలిపోయినవి వాడండి. వేయలేకపోయిన ఫోటో, పాత మ్యాపు, ఫుట్‌నోటులో ఉండిపోయిన సంగతి, ఇలా అధ్యాయానికి మూడు నాలుగు దొరుకుతాయి. పది అధ్యాయాలుంటే ముప్పై పైచిలుకు పోస్టులు, వారానికి ఒకటి చొప్పున ఏడెనిమిది నెలలొస్తాయి. అన్నీ ఒక్క విడతలో రాసి, పేజీ ఉంటే షెడ్యూల్ చేసేయండి. తేదీలనీ చూసుకోండి. పోర్టులోకి తొలి నౌక జలదుర్గ వచ్చింది 1933 అక్టోబరు 7న. ఆ తేదీకి వ్యాసం అచ్చవ్వాలంటే సెప్టెంబరు మొదట్లోనే పత్రికకి పంపాలి. అక్టోబరు ఐదున పంపితే చదివే తీరిక కూడా వాళ్లకుండదు.

రెండో ముద్రణ:
ఇంకోటి. పాఠకులు తప్పులు చూపిస్తూ రాస్తారు, ముఖ్యంగా పోర్టులో పనిచేసి రిటైరైనవాళ్లు. ఒక్కోదానికి కూర్చుని పెద్ద జవాబు రాస్తే ఆ పూట రాత పోయినట్టే. ఒక కాపీ మీద "మాస్టర్" అని రాసి పక్కన పెట్టుకుని, ఆ పేజీ మార్జిన్‌లో ఎవరు, ఏ తేదీన, ఏం చెప్పారో పెన్సిల్‌తో ఎక్కించండి. పంపినవారికి "నోట్ చేసుకున్నానండీ, ఆధారం ఏదైనా ఉంటే ఫోటో పంపండి" అంటే చాలు. ఆధారం పంపినవి మాత్రమే రెండో ముద్రణకి ముందు సరిచూసుకోండి.