కొత్త ఏరియాకి మారుతున్నాం, ముందు ఇల్లు చూడాలా స్కూల్ చూడాలా?

మూడోక్లాసు_అమ్మ:
అందరికీ నమస్కారం అండి. మా ఆయనకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఎండాకాలం సెలవుల్లో మారిపోవాలి, అక్కడ మాకు తెలిసినవాళ్లు ఒక్కరు కూడా లేరు. పాప ఇప్పుడు మూడో క్లాసు, బాబుని ఇంకా స్కూల్లో వెయ్యలేదు. ఆయనేమో ఆఫీసు దగ్గర్లో ఇల్లు తీసేసుకుందాం స్కూల్ సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు, నాకేమో స్కూల్ ఫిక్స్ అయితే ఆ చుట్టుపక్కలే ఇల్లు వెతుక్కోవచ్చు కదా అని. నెట్‌లో రివ్యూలు చూస్తే ఒకే స్కూల్‌కి ఒకరు ఐదు స్టార్లు ఇంకొకరు ఒక్క స్టార్, ఏది నమ్మాలో తెలీట్లేదు. రిజల్ట్స్ బాగా వచ్చే పెద్ద స్కూల్ ఒకటుంది కానీ బస్‌లో గంట పైనే పడుతుందట. దగ్గర్లో ఉన్నది చిన్న స్కూల్, పెద్దగా పేరు లేదు. మా పాప నెమ్మదస్తురాలు, కొత్తవాళ్లతో త్వరగా కలవదు, అదే నా బెంగ. మీరైతే ఏం చూస్తారు?

బదిలీల_ఫ్యామిలీ:
ముందు స్కూలే అండి, ఇందులో నాకు ఏ డౌటూ లేదు. పెద్దవాళ్లు ఆఫీసుకి ఇంకో అరగంట ప్రయాణం చేస్తే తట్టుకుంటారు, ఎనిమిదేళ్ల పిల్ల రోజూ రెండు గంటలు బస్‌లో కూర్చోవడం వేరే సంగతి. ఆ వయసు పిల్లలకి, అంటే 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకి, రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర డాక్టర్లు చెప్తారు. తెల్లారుజామున లేపి బస్ ఎక్కించి సాయంత్రం దిగాక హోంవర్కూ స్నానం తిండీ అయ్యేసరికి ఇక ఆడుకునేది ఎప్పుడు, పడుకునేది ఎప్పుడు, ఒకసారి పేపర్ మీద టైమ్ వేసి చూడండి మీకే తెలుస్తుంది. ఇంకోటి, ఫోన్‌లో మ్యాప్ ఆదివారం మధ్యాహ్నం చూసి ఇరవై నిమిషాలే అనుకోకండి, సోమవారం పొద్దున స్కూల్ టైమ్‌కి చూడండి. బస్ అయితే మీ స్టాప్ మొదటిదా చివరిదా అడగండి, మొదటిదైతే ఊరంతా తిప్పుతారు.

అలాగని స్కూల్‌తో మాట్లాడకుండా ఇంటికి అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి, కొన్ని చోట్ల సీటు ఇంటి అడ్రస్‌ని బట్టే ఇస్తారు, కొన్ని చోట్ల దగ్గరున్నా ఆ క్లాసులో ఖాళీ ఉండదు.

పాత_టీచర్:
నేను చాలా ఏళ్లు ప్రైమరీ క్లాసులకి చెప్పాను కాబట్టి రిజల్ట్స్ గురించి ఒక మాట చెప్తానమ్మా. ఆ పెద్ద స్కూల్ పిల్లల్ని ఎంట్రన్స్ టెస్ట్ పెట్టి తీసుకుంటుందా అడుగు. బాగా చదివేవాళ్లనే ఏరుకుని చేర్చుకుంటే మార్కులు ఎలాగూ వస్తాయి, అందులో స్కూల్ నేర్పింది ఎంతో తెలీదు. వెనకబడ్డ పిల్లని ఏం చేస్తారు, విడిగా కూర్చోబెట్టి చెప్తారా, ట్యూషన్ పెట్టించుకోమని మీ మీదకే తోస్తారా, ఇది ప్రిన్సిపాల్‌ని సూటిగా అడగాల్సిన ప్రశ్న.

క్లాసులో ఎంతమందో కూడా అడుగు. అమెరికాలో టెన్నెస్సీ రాష్ట్రంలో 1985 నుంచి నాలుగేళ్లు దీని మీదే పెద్ద ప్రయోగం చేశారు, చిన్న పిల్లల్ని లాటరీ తీసినట్టు కొందరిని 13 నుంచి 17 మంది ఉన్న క్లాసుల్లో, కొందరిని 22 నుంచి 25 మంది ఉన్న క్లాసుల్లో వేస్తే, తక్కువమంది ఉన్న క్లాసుల వాళ్లు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. మాట్లాడని పిల్లకి ఇది ఇంకా ముఖ్యం, నిండిపోయిన క్లాసులో చెయ్యెత్తని పిల్ల టీచర్ కంట్లో పడదు.

అన్నిటికన్నా నేను నమ్మేది నోట్‌బుక్స్. స్కూల్ చూడ్డానికి వెళ్లినప్పుడు నాలుగో క్లాసు పిల్లల నోట్‌బుక్స్ ఓ నాలుగు చూపించమని అడుగు, ఆఫీసు రూమ్‌లో షో కోసం దాచినవి కాదు, క్లాసులో బల్లమీదవి. అందరి జవాబులూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయంటే బోర్డు మీద చూసి ఎక్కించారని అర్థం. తప్పు దగ్గర టీచర్ ఏదైనా రాసిందా, పిల్ల మళ్లీ ప్రయత్నించిందా, లేక తప్పుకీ ఒప్పుకీ ఒకటే టిక్కా, ఇవి చూస్తే ఆ స్కూల్ ఏంటో తెలిసిపోతుంది. ఏసీ రూములూ స్మార్ట్ బోర్డులూ చూసి ఏమీ చెప్పలేం. టీచర్లు ఎన్నేళ్ల నుంచి ఉన్నారో కూడా కనుక్కో, ఏటా సగంమంది మారిపోతుంటే లోపల ఏదో బాగాలేదన్నట్టే.

ఇద్దరు_కొడుకుల_నాన్న:
దగ్గర స్కూలే మంచిదని నేనూ ఒప్పుకుంటా కానీ ఒకటి చూసుకోండి సిస్టర్, చిన్న స్కూల్ ఎన్నో క్లాసు వరకు ఉంది? ఐదుతో ఆగిపోతే రెండేళ్లకే పాపని మళ్లీ కొత్త చోటికి పంపాలి, కొత్తంటేనే బెంగపడే పిల్లకి అది కష్టం. ఇంకో పని, స్కూల్ వదిలే టైమ్‌కి గేట్ దగ్గర ఓ అరగంట నిలబడండి. పిల్లలు ఎలా బయటికొస్తున్నారు, ఆయాలు టీచర్లు వాళ్లతో ఎలా మాట్లాడుతున్నారు, అన్నీ కనిపిస్తాయి. అక్కడే వెయిట్ చేసే పేరెంట్స్‌ని అడగండి, బాగుందా అని కాదు, పోయినసారి మీకు కంప్లైంట్ ఉంటే ఏం చేశారు అని అడగండి. స్టార్ల కంటే అది ఉపయోగం.

మూడోక్లాసు_అమ్మ:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ, ఆయనకి కూడా చదివి వినిపించాను, ముందు స్కూల్ చూద్దాం అన్నారు. టీచర్ గారూ, సిలబస్ వేరైతే పాప వెనకబడదా?

పాత_టీచర్:
నాలుగో క్లాసుకి భయపడాల్సినంత ఏం ఉండదమ్మా. రెండు చోట్ల లెక్కల పుస్తకాల్లో విషయసూచిక పక్కపక్కన పెట్టి చూడు, భాగహారం, భిన్నాలు అక్కడ ముందే చెప్పేసి ఉంటే సెలవుల్లో రోజూ కాసేపు కూర్చోబెడితే సరిపోతుంది. అసలు చిక్కు సెకండ్ లాంగ్వేజ్‌తో వస్తుంది. అక్కడి భాష పాపకి అక్షరాలు కూడా రాకపోతే మొదటి ఏడాది ఆ సబ్జెక్ట్‌లో ఏం వెసులుబాటు ఇస్తారో చేరకముందే మాట్లాడుకో. పాత నోట్‌బుక్స్ సామాను సర్దేటప్పుడు పారెయ్యకు, కొత్త టీచర్‌కి చూపిస్తే పాప ఎక్కడుందో తనకి అర్థమవుతుంది. టీసీ, రిపోర్ట్ కార్డులు లారీలో వెయ్యకుండా చేతి బ్యాగ్‌లో పెట్టుకో.

ఇక బెంగ సంగతి. మొదటిరోజు కంటే ముందే ఒకసారి పాపని తీసుకెళ్లి క్లాసు, బాత్రూమ్, మంచినీళ్లు, బస్ ఆగే చోటు చూపించు, చిన్నపిల్లల్ని ఎక్కువ భయపెట్టేది ఇవి తెలియకపోవడమే. కొన్నాళ్లు తోడుగా ఒక పిల్లని పక్కన కూర్చోబెట్టమని క్లాస్ టీచర్‌ని అడుగు. ఆవిడ ఆ మాటకి ఏమంటుందో విను, దాన్ని బట్టి కూడా స్కూల్ తేల్చుకోవచ్చు.