సాజ్యమా, సాధ్యమా: దీపం చూపేటప్పుడు చదివే శ్లోకంలో ఒక మాట

అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం పూజలో నేను దీపం చూపిస్తూ శ్లోకం చదువుతుంటే, పక్కన ఫోనులో అదే శ్లోకం చూస్తున్న మా పాప నన్ను ఆపింది. "అమ్మా, నువ్వు సాధ్యం అంటున్నావు. ఇక్కడ సాజ్యం అని ఉంది" అనింది. చిన్నప్పటి నుంచీ నా నోట ఉన్నది సాధ్యమే. మా జేజి దగ్గర విని నేర్చుకున్నాను. పూజ అయిపోయాక కూడా ఆ మాట మనసులోంచి పోలేదు. చూసుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

శ్లోకం మీ అందరికీ తెలిసిందే:

సాజ్యం త్రివర్తిసంయుక్తం వహ్నినా యోజితం ప్రియం
గృహాణ మంగళం దీపం త్రైలోక్యతిమిరాపహం

పాప చెప్పిందే నిజం. అది సాజ్యమే. స + ఆజ్యం. పెండ్లి పత్రికల్లో సకుటుంబ, సపరివార అని వేస్తామే, ఆ "స" ఇదే. ఆజ్యం అంటే నెయ్యి. ఈ మాట మనకు తెలియనిదేం కాదు. అగ్నిలో ఆజ్యం పోసినట్టు అని రోజూ పేపర్లో చదువుతాం. తగాదాల వార్తల్లో తప్ప వినపడని మాట, ఇంట్లో దేవుని ముందర ఇంత చల్లగా కూర్చుని ఉందని నాకు ఇన్నేండ్లూ తెలియలేదు.

మొత్తం అర్థం ఇది: నెయ్యితో కూడినది, మూడు వత్తులు కలిపినది, నిప్పు ముట్టించినది, ప్రియమైనది, మూడు లోకాల చీకటినీ పోగొట్టేది, ఈ మంగళ దీపాన్ని తీసుకో స్వామీ. "గృహాణ" దగ్గర కూడా చాలామంది పొరబడతారు. ఇంటికి మంగళం కలగాలని అర్థం అనుకుంటారు, నేనూ అట్లే అనుకునేదాన్ని. అది క్రియ. గ్రహించు, తీసుకో అని దేవుణ్ణి అడగడం.

మరి మా జేజి నోట సాధ్యం ఎట్లా వచ్చింది? నాకు తోచింది చెప్తాను. జేజి పొద్దుగుంకే వేళ దీపం పెట్టి చదివేది ఇంకో శ్లోకం ఉంది: "దీపం జ్యోతిః పరం బ్రహ్మ దీపం సర్వతమోపహం, దీపేన సాధ్యతే సర్వం సంధ్యాదీప నమోస్తు తే". రోజూ సాయంత్రం నోట్లో తిరిగే "సాధ్యతే", శుక్రవారం పూటి "సాజ్యం" మీదికి వచ్చి కూర్చున్నట్టుంది. రెండూ దీపం శ్లోకాలే, ధ్వని కూడా దగ్గరే. వినికిడితో నేర్చుకున్న చదువులో ఇట్లా జరగడం సహజం.

జేజి వాళ్ళది తాడిపత్రి దగ్గర పల్లె. పూజగది అని వేరే ఏమీ లేదు. వంటింటి గోడలో దేవునిగూడు, అందులో వెంకటేశ్వరస్వామి పటం, ఒక ఇత్తడి కుంది. గూడు పైభాగమంతా పొగకు నల్లగా ఉండేది. ఇంట్లో ఎనుము ఉన్నా నెయ్యి దీపంలోకి వచ్చేది పండగనాడే. మిగతా రోజులంతా చెనిక్కాయ నూనె. వత్తులు రెండే, కలిపి ఒకటిగా వేసేది. నేనొకసారి శ్లోకానికి అర్థమేందని అడిగితే, "సాధ్యమైనంత పెట్టమనే గదా పాపా. ఆయప్పకు తెలీదా మన సంగతి" అనింది. అది తప్పు అర్థమని ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఆ మాటతోనే ఆమె అన్ని ఏండ్లు దీపం పెట్టింది.

అసలు నన్ను ఆపేసింది ఇక్కడే. సాజ్యం అని సరిగ్గా చదివితే, కుందిలో నూనె పోసి "నెయ్యి దీపం తీసుకో" అని దేవునికి చెప్పినట్టు కాదా? ఈ సందేహం ఊరికే వదిలేసేది కాదనిపించింది.

అప్పుడు నూనె అనే మాటనే పట్టుకుని చూశాను. నువ్వులను మన పక్క నూగులు అంటాం. ఆ "నూ"కు నెయ్యి కలిస్తే నూనె. నువ్వుల నెయ్యి అన్నమాట. మనకు కన్నడం పక్కనే కాబట్టి ఇది ఇంకా బాగా కనిపిస్తుంది: ఎళ్ళు అంటే నువ్వులు, ఎణ్ణె అంటే నూనె. అరవంలోనూ ఎళ్, నెయ్ కలిసి ఎణ్ణెయ్ అయింది. సంస్కృతం దారి వేరు. తిలల నుంచి వచ్చింది తైలం, అందులో నెయ్యి జాడ లేదు. మన భాషల్లో మాత్రం పాల నుంచి తీసినా, గింజ నుంచి పిండినా, అది నెయ్యే. చెనిక్కాయ ఈ దేశానికి తర్వాత వచ్చిన పంట. దాన్ని గానుగ ఆడించి తీసిన దానికి కూడా ఆ పాత పేరే పెట్టుకున్నాం. కాబట్టి చెనిక్కాయ నూనె అన్నప్పుడల్లా మన నోట నెయ్యి పలుకుతూనే ఉంది. సంస్కృత శ్లోకాన్ని తెలుగు వ్యుత్పత్తితో సమర్థించడం శాస్త్రం కాదని నాకు తెలుసు. ఆజ్యం అంటే నెయ్యే, నూనె కాదు. కానీ శ్లోకం చదివేది తెలుగు మనిషి, పోసేది నూనె. ఆ రెంటి మధ్య దూరం నేను భయపడినంత లేదని మాత్రం అనిపించింది.

వత్తి గురించి ఒక మాట. వర్తి నుంచే వత్తి వచ్చింది. వృత్ ధాతువుకు తిరగడం, చుట్టుకోవడం అనే అర్థం ఉంది. దూదిని అరచేతిలో వేసి తిప్పుతాం కదా, అదే. ఒత్తి చేస్తాం కాబట్టి ఒత్తి అయిందని కొందరంటారు గానీ, శ్లోకంలో వర్తి ఎదురుగా కనబడుతుంటే ఆ వాదన నిలవదు.

రెండు రోజుల తర్వాత చేర్పు:

కర్నూలు నుంచి ఒక అన్న అడిగారు: నూనె దీపానికి "సతైలం త్రివర్తిసంయుక్తం" అని మార్చుకుంటే సరిపోదా అని. ఛందస్సు ఒప్పదన్నా. ఇది అనుష్టుప్పు, పాదానికి 8 అక్షరాలు. సా, జ్యం, త్రి, వ, ర్తి, సం, యు, క్తం. సతైలం పెడితే 9 అవుతాయి, చదివేటప్పుడు నాలుక తట్టుకుంటుంది. శ్లోకాన్ని అట్లే ఉంచడం మేలు.

ప్రొద్దుటూరు అక్క అడిగింది ఇంకా మంచి ప్రశ్న. వినాయక చవితి పూజలో ఇదే శ్లోకం "వహ్నినా ద్యోతితం మయా, గృహాణ మంగళం దీపం ఈశపుత్ర నమోస్తు తే" అని ఉంటుంది కదా, ఏది అసలుదని. రెంటికీ 8 అక్షరాలు సరిపోతున్నాయి కాబట్టి ఛందస్సు తీర్పు చెప్పలేదు. యోజితం అంటే నిప్పుతో కలిపినది, ద్యోతితం అంటే వెలిగించినది. విచిత్రం ఏమంటే తెలుగులోనూ ఈ రెండు చూపులూ ఉన్నాయి. మా జేజి "దీపం ముట్టించు" అనేది, మా పాప "దీపం వెలిగించు" అంటుంది. ముట్టించడమంటే నిప్పును వత్తికి తాకించడం, అది యోజితం. వెలిగించడం ద్యోతితం. ఒకటి చేత్తో చేసే పని, ఇంకొకటి దాని ఫలం. నాకు మాత్రం చవితి పాఠంలోని "మయా" చాలా ఇష్టం. నా చేత, నేనే వెలిగించిన దీపం అని అందులో ఉంది.

అక్కే ఇంకొకటి గుర్తుచేసింది. పూజ మొదట్లో పెట్టే దీపారాధనకు ఈ శ్లోకం కాదు. ధూపం అయ్యాక, నైవేద్యానికి ముందు, గంట కొడుతూ దీపం చూపేటప్పటిది. అక్కడ "దీపం దర్శయామి" అంటాం, సమర్పయామి అనం. దానికి ముందు "ధూపమాఘ్రాపయామి". సంస్కృతంలో ధూపానికి ఒక క్రియ, దీపానికి ఇంకొకటి. తెలుగులో వాసనైనా చూపిస్తాం, వెలుగైనా చూపిస్తాం, రుచి కూడా చూపిస్తాం. ఒక్క "చూపించు"తో మూడు ఉపచారాలూ జరిగిపోతాయి.

ఈ శుక్రవారం సాజ్యం అనే చదివాను. రెండుసార్లు నాలుక సాధ్యం వైపు పోయింది, పాప సర్దింది. కుందిలో పోసింది చెనిక్కాయ నూనే.

మీ ఇండ్లలో పెద్దవాళ్ళు "యోజితం" అనేవాళ్ళా, "ద్యోతితం" అనేవాళ్ళా? ముట్టించు, అంటించు, వెలిగించు, వీటిలో ఏ మాట వాడేవాళ్ళు? ఊరి పేరుతో సహా రాయండి.