క్యాపిటలిజం ఉంటుందా పోతుందా? ఒక్కో డిపార్ట్‌మెంట్ ఒక్కోలా చెప్తోంది, ఎవర్ని నమ్మాలి

గాజువాక_కుర్రాడు:
అందరికీ నమస్తే. నేను ఎంఏ ఎకనామిక్స్ ఫస్టియర్. వచ్చేవారం సెమినార్, టాపిక్ పెట్టుబడిదారీ విధానం భవిష్యత్తు. మా సార్ షుంపీటర్ అనే ఎకనామిస్టుని చదవమన్నారు, పాతది కూల్చుకుంటూ కొత్తది కట్టుకోవడమే దాని ప్రాణం అన్నాయనే 1942లో ఇది బతుకుతుందా అని తనే అడిగి బతకదనుకుంటా అని తనే రాసుకున్నాడు, అక్కడే నాకు బుర్ర తిరిగింది. సోషియాలజీ రూమ్మేట్ వాళ్ళ సోషియాలజిస్టు వేబర్‌ని చదవమంటాడు, ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు ముందు భూమి చాలాలి కదా అంటారు. నాన్న ప్లాంటులో చేసి రిటైరయ్యారు, ఆయన్నడిగితే "దాని భవిష్యత్తు అది చూసుకుంటాదిలే, నీది నువ్వు చూసుకో" అన్నారు. ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి ప్లీజ్.

మద్దిలపాలెం_బాతాఖానీ:
మీ నాన్నగారికి దండం తమ్ముడూ 😂
షుంపీటర్ మాటలో తిరకాసేం లేదు. ఓడిపోయి పోతుందనలేదాయన, గెలిచి గెలిచి పోతుందన్నాడు. కంపెనీలు కొండల్లా పెరిగాక కొత్తది కనిపెట్టడం కూడా ఆఫీసు డ్యూటీ అయిపోతుంది, సొంతంగా తెగించేవాడికి పనుండదు, అదీ ఆయన బెంగ.
నన్నడిగితే ఎకనామిస్టు కీన్స్ దగ్గర మొదలెట్టు. 1930లో రాశాడు, వందేళ్ళకి మనుషులు వారానికి 15 గంటలు పనిచేస్తే చాలని. వందేళ్ళంటే 2030, ఇదిగో వచ్చేసింది. సంపద పెరుగుతుందన్న లెక్క ధనిక దేశాల వరకూ బాగానే కుదిరింది, గంటల లెక్కే తప్పింది. మా బావ డెలివరీ చేస్తాడు, రాత్రి పదకొండుకి చెట్టు కింద బండి స్టాండేసి హ్యాండిల్‌కున్న ఫోన్ వంకే చూస్తుంటాడు, ఇంకో మూడు ఆర్డర్లు పడితే గానీ ఇన్సెంటివ్ రాదు, ఆ పదిహేను గంటలు ఆయనకి రోజున్నరకే అయిపోతాయి. ఇంతకీ ఆయన ఉద్యోగా? లా వాళ్ళనడుగు. 2020 సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో గిగ్ వర్కర్ అంటే మామూలు యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాడు అని రాశారు. ఎకనామిక్స్ వాడికి అది మార్కెట్టు, లా వాడికి అది నిర్వచనం, మా అక్కకి మాత్రం ఇంకా ఇంటికి రాని మొగుడు.

పాత_పోస్టాఫీసు_మాస్టారు:
బాబూ, హిస్టరీ చెప్పినవాణ్ణి, నా గోల కూడా విను. మన వైజాగ్‌లో నువ్వు గాజువాక నుంచి వస్తావు కదా, సింధియా బస్సు ఎన్నిసార్లు చూసుంటావు, ఆ పేరేటో ఎప్పుడైనా ఆలోచించావా? సింధియా అనేది ప్రైవేటు స్టీమర్ కంపెనీ, వాల్‌చంద్ హీరాచంద్‌ది. ఆ కంపెనీ ఇక్కడ పెట్టిన షిప్‌యార్డుకి 1941లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేశారు, మొదటి ఓడ జల ఉషని 1948లో నెహ్రూ నీళ్ళలోకి దింపారు. తర్వాత 1952లో గవర్నమెంటు తీసేసుకుంది. ఇక ఉక్కు ఫ్యాక్టరీ సంగతి తిరగేసి చూడు. 1966లో జనం ప్రాణాలిచ్చింది గవర్నమెంటు ఫ్యాక్టరీ కోసం, 2021 జనవరిలో అది నూటికి నూరు శాతం అమ్మడానికి ఢిల్లీలో ఓకే అన్నారు, గొడవలయ్యాయి, 2025 జనవరిలో మళ్ళీ 11,440 కోట్ల ప్యాకేజీ. ఒకే ఊరు, రెండు ఫ్యాక్టరీలు, ఒకటి అటు నుంచి ఇటు, రెండోది ఇటు నుంచి అటు వెళ్ళబోయి మధ్యలో ఆగింది. అందుకే ఉంటుందా పోతుందా అనే ప్రశ్నే నాకు నచ్చదు. ఏది అమ్మొచ్చు ఏది అమ్మకూడదు అన్న గీత ఎటు జరుగుతోందో చూడు.

జాలరిపేట_పిల్ల:
మాస్టారు చెప్పిన ఆ గీత గురించే పొలానీ అనే ఆర్థిక చరిత్రకారుడు 1944లో రాశాడు అండి. భూమి, మనిషి శ్రమ, డబ్బు, ఈ మూడూ అమ్మకానికి తయారైన సరుకులు కావు, వాటిని సరుకుల్లా నడిపితే సమాజం ఎదురు తిరుగుతుందంటాడు. నేను జువాలజీ, ఐనా ఇదే నాకు బాగా ఎక్కింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం కదా. కోనెం చేప రేటు ఎంత పెరిగినా ఆ గుడ్లు తొందరగా పిల్లలవవు, మార్కెట్టు ఆగమంటే ఆగదు, అందుకే క్యాలెండర్ పెట్టారు. మళ్ళీ అందులోనూ చేపల గుంపుని చుట్టేసే పెద్ద రింగు వలల గొడవ, వలేసినోళ్ళూ మావాళ్ళే, వద్దన్నోళ్ళూ మావాళ్ళే. పెట్టుబడిదారుడంటే టోపీ పెట్టుకున్న దొరని అనుకుంటాం గానీ మా వీధిలో అయితే అప్పు చేసి పెద్ద వల కొన్న మా చిన్నాన్న.

బీచ్‌రోడ్_బద్ధకం:
ఇవన్నీ పక్కన పెట్టి ఏఐ వచ్చి అందర్నీ ఇంటికి పంపుద్ది అని ఒక స్లైడ్ పెట్టెయ్ బ్రో, మార్కులే మార్కులు

గాజువాక_కుర్రాడు:
@బీచ్‌రోడ్ అదీ పెట్టాన్లే 😅 మాస్టారూ, చిన్నాన్న వల మాట కూడా వాడుకోవచ్చా? ఫస్ట్ స్లైడ్ సింధియా బస్టాప్ ఫోటో పెడదామనుకుంటున్నా, కింద 1941 ప్రైవేటు, 1952 గవర్నమెంటు అని.

జాలరిపేట_పిల్ల:
వల వాడుకో, చిన్నాన్న పేరు మాత్రం అడక్కు.

పాత_పోస్టాఫీసు_మాస్టారు:
ఫోటో బాగుంటాది. కానీ 1952 అన్నది నేను తొందర్లో చెప్పేశాను, అప్పుడు గవర్నమెంటు తీసుకుంది మూడింట రెండొంతులే, మిగతాది 1961లో. సరిచేసుకో, ప్రశ్నలడిగేవాడు సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు.